తొంభై ఏడో సమ్మతి

"గురువారం పదిన్నరకి నువ్వెక్కడున్నావు?"

నీలవేణి ఈ ప్రశ్న వేయడం అది మూడోసారి. సుజానా మూడోసారీ తల దించుకుంది.

"సెప్పలేను మేడమ్."

"చెప్పలేవా, చెప్పవా?"

"సెప్పను."

ఉదయం తొమ్మిదీ ఇరవై. హుకుంపేటకు పదకొండు కిలోమీటర్ల ఎగువన కుసుమపుట్టు అనే ఊరు, ఆ ఊరి చర్చి వరండా. సుజానా ఆ ఊరి ఆశా కార్యకర్త. వయసు ఇరవై ఆరు. నిన్న సాయంత్రం నుంచి ఆమెను ఆ వరండా దాటనివ్వకుండా మెట్ల మీద ఒక మహిళా కానిస్టేబుల్ కాపలా ఉంది. కాపలా పెట్టించింది ప్రత్యేక దర్యాప్తు బృందం డీఎస్పీ ధనరాజు. నేరం చేసింది సుజానాయేనని ఆయన నమ్మకం. మధ్యాహ్నం అరెస్టు చేసి తీసుకుపోతానని చెప్పి, రాత్రి పాడేరు వెళ్లాడు.

నీలవేణికి ఉన్నది ఆ మధ్యాహ్నం దాకానే.

పద్దెనిమిదేళ్లు పోలీసు శాఖలో నేర పరిశోధన చేసిన మనిషి ఆమె. రెండేళ్ల కింద 'సొంతగుర్తు' చట్టం వచ్చాక గుర్తింపు కమిషన్‌లో దర్యాప్తు అధికారిగా చేరింది. పుట్టి పెరిగింది పాడేరులోనే కాబట్టి ఈ కొండల మాట ఆమెకు చెవిన పడితే చాలు, అర్థమవుతుంది.

సొంతగుర్తు అంటే అరచేతిలో ఇమిడే కార్డు. వేలు పెట్టడానికి ఒక గడి, దాని పైన చిన్న అద్దం. తాళం కార్డులోనే ఉంటుంది, కార్డు మనిషి దగ్గరే ఉంటుంది. ప్రభుత్వం చేసేదల్లా 'ఈ మనిషిని మేమెరుగుదుం' అని ముద్ర వేయడం. ఎవరైనా ఏదైనా అడిగితే, అడిగిందేమిటో అద్దంలో కనబడుతుంది. వేలు పెడితే ఆ ఒక్క సంగతే అవతలికి వెళుతుంది. ఎక్కడ వాడారు, ఎప్పుడు వాడారు అన్నది కార్డు కడుపులో తప్ప ఏ సర్కారు మిషన్లోనూ ఉండదు. ఆ కడుపు తెరుచుకునేది కూడా ఆ మనిషి వేలికే.

అలాంటి కార్డులతోనే మోసం జరిగింది.

కొండ మీద జలాశయం కట్టి కరెంటు తీస్తామన్న కంపెనీకి గ్రామసభ సమ్మతి కావాలి. సమ్మతిస్తే కాఫీ తోటలన్నీ నీళ్లలోకి పోతాయి. ఊరు ఏడాదిగా వద్దంటూనే ఉంది. కానీ గురువారం, పద్దెనిమిదో తారీఖున, పంచాయతీ హాల్లోని మిషన్ మీద ఉదయం 10:05 నుంచి 11:25 లోపల నూట అరవై మూడు మంది 'సమ్మతి' అని వేలు పెట్టినట్టు నమోదైంది. ఆ గంటా ఇరవై నిమిషాలూ ఊరు ఊరంతా శ్మశానంలో ఉంది. ముందురోజు లోయలో పడి చనిపోయిన బుధు అనే రైతును మట్టి చేస్తున్నారు.

నూట అరవై మూడు సమ్మతుల్లో తొంభై ఏడోది బుధుదే. టైము 10:52.

ధనరాజు లెక్క తేలికైనది. ఊరంతా శ్మశానానికి పోయింది, కార్డులు ఇళ్లలో ఉన్నాయి. శ్మశానానికి రాని మనిషి సుజానా ఒక్కతే. అంతకు మూడు రోజుల ముందు, సోమవారం, ఇదే వరండాలో దోమతెరల క్యాంపు పెట్టి అందరి వేళ్లూ పట్టుకున్నదీ ఆమే. వేలి అచ్చులు తీసుకుంది, గురువారం కార్డులు ఎత్తుకొచ్చి వాడింది, మళ్లీ ఇళ్లలో పెట్టేసింది.

"జైలుకి పంపుతారు, తెలుసా?" అంది నీలవేణి.

"పంపనీండి. నాతో వచ్చినామె పరువు నా నోట్లో ఉంది మేడమ్. జైలుకి బయపడి దాన్ని ఉమ్మీలేను."

నీలవేణి కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"నీతో ఎవరున్నారో నేనడగలేదు సుజానా. ఎందుకు వెళ్లావో కూడా అడగలేదు. ఎక్కడ, ఎన్నింటికి. నాకా రెండు చాలు. నీ కార్డులో ఆ రెండే చూపించు. మిగతావాటి జోలికి పోకు."

సుజానా తలెత్తింది. ఆమె కళ్లు ఒక్క క్షణం నీలవేణి మొహంలో ఏదో వెతికాయి. తర్వాత మెడలో తాడుకు కట్టుకున్న కార్డు బయటకు తీసింది. వేలు పెట్టి, రెండు గీతలు తెరిచి, మిగతావి మూసే ఉంచి, అద్దం ఆమె వైపు తిప్పింది.

గురువారం 18. ఉదయం 10:38. హుకుంపేట, ప్రభుత్వ ఆస్పత్రి. కింద రెండు గీతలు నల్లగా ఉన్నాయి. ఆ నలుపు వెనక ఏముందో నీలవేణి అడగలేదు.

"ఇక్కణ్ణుంచి హుకుంపేటకి ఆటోలో ఎంతసేపు?"

"నలబై నిమిషాలు. వానొస్తే గంట."

పదీ ముప్పై ఎనిమిదికి హుకుంపేటలో ఉన్న మనిషి పదీ యాభై రెండుకి ఇక్కడ బుధు కార్డు వాడాలంటే పద్నాలుగు నిమిషాల్లో ఘాట్ రోడ్డు ఎక్కాలి. నీలవేణి తన నోటుబుక్కులో రెండు టైములూ పక్కపక్కన రాసుకుంది.

"ఇది నిన్ననే చూపిస్తే రాత్రంతా ఇక్కడ కూర్చునేదానివి కాదుగా."

"సూపించమని ఎవరడిగారు మేడమ్? కార్డంతా తెరిసి తన సేతికి ఇచ్చీమన్నారు డీఎస్పీ సారు. ఇవ్వనన్నాను. ఇవ్వకపోతే దొంగవే అన్నారు."

నీలవేణికి ఒళ్లు మండింది, కానీ పైకి తేలనివ్వలేదు. "సోమవారం దోమతెరలు తీసుకున్నవాళ్ల పేర్లు ఎక్కడైనా రాశావా?"

సుజానా సంచిలోంచి నోటుబుక్కు తీసింది. వరసలో నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే అందులో ఉన్నారు. నీలవేణి తన దగ్గరున్న సమ్మతుల జాబితా దాని పక్కన పరిచింది. మొదటి పేరు ఒకటే. రెండోదీ అదే. పదో పేరు, యాభయ్యో పేరు కూడా తప్పలేదు. తొంభై ఆరు రమణి, తొంభై ఏడు బుధు. చివరి పేరు దాకా వేలు జారుస్తూ పోయింది. రెండు జాబితాల్లో ఒక్క పేరు కూడా అటూ ఇటూ కాలేదు.

"సోమవారం దోమతెరలకి ఏ వరసలో నిలబడ్డారో గురువారం గ్రామసభకి కూడా అదే వరసలో నిలబడ్డారన్నమాట," అంది నీలవేణి. "చచ్చిపోయిన బుధుతో సహా."

సుజానా వంగి తొంభై ఏడో పేరు మీద వేలు పెట్టింది.

"ఆ రోజు మిషన్ ఎవరు తెచ్చారు?"

"మణిదీప్ సారు. మిషన్లు పెట్టీ కాంట్రాక్టరు మనిషి. ఊరివాళ్లే అని తేలితే దోమతెర ఇచ్చీమన్నాడు. నేను తెరలు ఇచ్చాను, ఆయన కార్డులు పట్టుకున్నాడు." ఆమె ఆగి, కార్డును ఎడంచేత్తో పట్టుకుని చూపించింది. "ఇలాగ. బొటనేలు అద్దం మీద ఉండీది. నాకప్పుడు తోసలేదు."

నీలవేణి లేచింది. "హాలు చూద్దాం పద."

కానిస్టేబుల్ అడ్డం రాబోయింది. నీలవేణి సుజానా చూపించిన టైము ఆమెకు చదివి వినిపించింది. "నాతో వస్తోంది, నాతోనే ఉంటుంది. మీ సారు అడిగితే నా పేరు చెప్పు."

పంచాయతీ హాలు చిన్నది. లోపల నాలుగు బల్లలు, ఒక బీరువా. గోడకు బిగించిన మిషన్ మీద 0417 అని నంబరు. సమ్మతుల జాబితాలో ప్రతి పేరు పక్కనా ఉన్నదీ ఆ నంబరే. నీలవేణి టార్చి వేసి మిషన్ నాలుగు మూలలూ చూసింది. ఆగస్టులో ఆదివాసీ దినోత్సవానికి గోడలకు సున్నం కొట్టినవాళ్లు మిషన్ అంచుల మీదా, మేకుల తలల మీదా కూడా కుంచె ఆడించారు. ఆ సున్నం నెల రోజుల పైబడి ఎండింది. ఎక్కడా పెచ్చు లేవలేదు, చిన్న చీలిక కూడా లేదు. ఆ మిషన్ను ఎవరూ గోడ నుంచి విప్పలేదు.

ఇప్పుడు రెండో సంగతి తేలాలి. నీలవేణి తన కార్డు మిషన్ మీద పెట్టి, 'పద్దెనిమిదేళ్లు నిండిన మనిషేనా' అన్న ఒక్క ప్రశ్నకు వేలు పెట్టి, వాచీ చూసుకుంది. మిషన్ గురగురలాడింది. పచ్చదీపం వెలిగేసరికి యాభై ఒక్క సెకన్లు.

మళ్లీ చేసింది. యాభై ఒకటే.

"నూట అరవై మూడు మందికి ఎంతవుతుంది?" తనలో తనే అనుకున్నట్టు అంది. నోటుబుక్కులో గుణించింది. "రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు. వాళ్లకి పట్టింది గంటా ఇరవై."

"అంటే ఇది కాదా మేడమ్?"

"ఈ ముసలి మిషన్‌కి అంత పరుగు లేదు. ఇంకో మిషన్ ఉంది సుజానా. కొత్తది, వేగమైనది. దానికీ ఈ నంబరే పెట్టారు. గడియారం గురువారానికి తిప్పి, సోమవారం ఊరంతటి చేతా వేళ్లు పెట్టించారు."

"మరి రుజువో?"

అదే నీలవేణి మనసులోనూ మెదులుతోంది. జాబితా వరస అనుమానం పుట్టిస్తుంది, కోర్టులో నిలవదు. బయట జీపు హారను వినబడింది. వాచీ పదకొండూ పదిహేను చూపిస్తోంది.

ధనరాజు అనుకున్న టైముకన్నా ముందే వచ్చాడు. ఆయన వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక ఇనప్పెట్టె దించి చర్చి మెట్ల దగ్గర పెట్టారు. ఊళ్లో సిగ్నల్ అందే చోటు ఆ మెట్లొక్కటే. జనం అప్పటికే చేరుతున్నారు.

"ముద్దాయిని ఊరంతా తిప్పుతున్నారట మేడమ్," అన్నాడు ధనరాజు.

"ముద్దాయి కాదు. గురువారం పదీ ముప్పై ఎనిమిదికి హుకుంపేటలో ఉంది. నేను చూశాను."

"ఎవరితో ఉంది? ఎందుకెళ్లింది?"

"అడగలేదు. అవసరం లేదు."

ధనరాజు చేతిలో కాగితం విప్పాడు. "మీకు అవసరం లేదేమో, నాకుంది. ఊళ్లో కార్డులన్నీ ఈ పెట్టెలో పడాలి. పాడేరు తీసుకుపోయి తెరిపిస్తాం. ఇకముందు ఈ మండలం కార్డులు ఎక్కడ వాడినా పైకి కబురు వచ్చేలా మారుస్తాం. పై ఉత్తర్వు ఇది."

"కార్డు ఇమ్మని అడగడమే నేరం డీఎస్పీ గారూ. ఎవరు ఉత్తర్విచ్చినా నేరమే."

"మీ చట్టం దొంగకి దుప్పటి కప్పిందండీ," అన్నాడు ధనరాజు. గొంతు పెంచలేదు, కానీ అందులో నిజమైన విసుగు ఉంది. "ఎవడు ఎక్కడ వేలు పెట్టాడో సర్కారుకి తెలిసుంటే ఆ చచ్చిపోయినాయన కార్డు ఎవరు వాడారో అరనిమిషంలో తేల్చేవాణ్ణి. నాలుగు రోజులుగా నేను కొండలెక్కి దిగుతున్నాను, ఆ లెక్క లేకనే కదా?"

"సర్కారుకి తెలిస్తే కంపెనీకి తెలియదా? సభకి ఎవరొచ్చారు, ఎవరు వద్దన్నారు, ఎవరు ఏ రోజు పాడేరు బస్సెక్కారు, అన్నీ తెలుస్తాయి. ఆ లెక్క ఎవరి దగ్గరా లేకపోవడమే ఈ చట్టం. అది తీసేసి దొంగని పట్టుకుంటే, పట్టుకున్నవాడికన్నా పెద్ద దొంగని ఇంట్లో పెట్టుకున్నట్టు."

"అయితే దొంగ దొరకడు."

"దొరుకుతాడు. నాకు జాబితాలు అక్కర్లేదు. మనుషులు చాలు."

తోటల్లో ఉన్నవాళ్లందరూ దిగివచ్చేసరికి పన్నెండైంది; ఈలోగా నీలవేణి అడ్డుపడుతోందని పైకి ఫోను చేసిన ధనరాజు ఆమెను దాటి జనం వైపు తిరిగాడు. ముందు వరసలో బుధు భార్య రమణి నిలబడి ఉంది. ఆమె మెడలో రెండు కార్డులు వేలాడుతున్నాయి. ఒకటి తనది, ఒకటి బుధుది. బుధు వేలు మట్టిలో కలిసింది కాబట్టి ఆయన కార్డు ఇక ఎవరికీ తెరుచుకోదు. ధనరాజు చెయ్యి దాని వైపే సాగింది.

"ఇచ్చీది నేదు బాబూ," అంది రమణి.

"ఏంటి?"

"నేదన్నాను. నా మెడలోది నేను తీసి ఇవ్వను. నువ్వు తియ్యాలంటే నా మెడ మీద సెయ్యెయ్యాలి. ఎయ్యి సూద్దాం."

వెనక జనం ఒక్క అడుగు ముందుకు జరిగారు. కేకలు లేవు. ఎవరి కార్డు మీద వాళ్ల చెయ్యి ఉంది. ధనరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నీలవేణి రమణి పక్కకు వచ్చి నిలబడింది. "పిన్నీ, నీ కార్డు నాకివ్వకు. సోమవారం దోమతెర తీసుకున్నప్పుడు అందులో ఏం రాసుకుందో, ఆ ఒక్క ముక్క చూపిస్తావా? ఇష్టం లేకపోతే వద్దు."

రమణి ఆమె మొహంలోకి చూసింది. "అడిగితే సూపిస్తాను. అక్షరం నాకు రాదు. నువ్వే సదువు, అందరికీ ఇనబడేలా సదువు."

వేలు పెట్టింది. నీలవేణి బిగ్గరగా చదివింది.

"సోమవారం, పదిహేనో తారీఖు. ఉదయం పదకొండూ పన్నెండు. మిషన్ నంబరు 0417. అడిగినది, కొండ భూమి జలాశయానికి ఇవ్వడానికి గ్రామసభ సమ్మతి."

జనంలో ఒక ముసలాయన "దోమతెరకా?" అన్నాడు.

"0417 హాలు గోడకి సున్నంతో అతుక్కుని ఉంది, వెళ్లి చూసుకోండి," అంది నీలవేణి ధనరాజుతో. "సోమవారం అది ఈ వరండాకి ఎలా నడిచొచ్చింది? మిషన్ గడియారం మిషన్ వాడి చేతిలో ఉంటుంది. కార్డు గడియారాన్ని ఎవరూ తిప్పలేరు. గురువారం ఎవరూ ఏ కార్డూ దొంగిలించలేదు. సోమవారమే, బుధు బతికుండగానే, మణిదీప్ అద్దం మీద బొటనవేలు పెట్టి అందరి చేతా వేయించాడు."

ధనరాజు కళ్లు అద్దంలో ఆరిపోతున్న అక్షరాల మీదే ఉన్నాయి.

"మా మనిషి సూసీసినాడమ్మా," అంది రమణి.

నీలవేణి చటుక్కున తిరిగింది. "ఏం చూశాడు?"

"నా ఎనకే ఉన్నాడు. రేతిరి బడిలో సదివినాడు కదా, అక్షరాలొచ్చు. ఏలు పెట్టీసినాక తన కార్డు ఆడి సేతిలోంచి లాక్కుని సూసినాడు. ఇందులో వేరే మాట ఉందేటని ఆ మణిదీప్‌ని అడిగినాడు. ఆడు నవ్వీసి, ముసిలోడా నీ కళ్లు పోనాయి, ఎల్లు అన్నాడు. మంగళవారమంతా మా మనిషి అన్నం తిన్నేదు. బుదవారం పొద్దున్నే పాడేరు ఎల్తాను, కలెక్టరాపీసులో సెప్తాను అని బయల్దేరినాడు."

"సాయంత్రానికి లోయలో దొరికాడు," అంది సుజానా నెమ్మదిగా.

"ఇరవయ్యేళ్లు నడిసిన దారమ్మా అది. కాలు జారిందంటే నేను నమ్మను. వచ్చిన పోలీసులకి సెప్పాను, ఎవులూ రాసుకోనేదు."

నీలవేణి దొంగ సమ్మతుల కేసని కొండెక్కింది. ఇది హత్య. నూట అరవై మూడు మందిలో అద్దం చదివింది ఒక్కడే, ఆ ఒక్కడే చచ్చిపోయాడు.

"మీ కేసు మిషన్ తీయండి," అంది ధనరాజుతో. "ఈ రుజువు నమోదు చేద్దాం. పిన్ని కార్డు, దర్యాప్తు అధికారిగా నా కార్డు, రెండూ కావాలి."

ధనరాజు ఈసారి వాదించలేదు. జీపులోంచి మిషన్ తెచ్చి చర్చి మెట్టు మీద పెట్టాడు. రమణి వేలు పెట్టింది. పచ్చదీపం వెలిగింది. నీలవేణి తన కార్డు పెట్టింది.

ఎర్రదీపం.

మళ్లీ పెట్టింది. అద్దంలో అక్షరాలు వచ్చాయి. 'ఈ వ్యక్తికి ప్రభుత్వ ఆమోదం ఉపసంహరించబడింది. 12:07.'

వాచీ పన్నెండూ పద్దెనిమిది చూపిస్తోంది. పదకొండు నిమిషాల కింద ఆమె అధికారి కాకుండా పోయింది. ఉద్యోగమే కాదు, జీతం పడే బ్యాంకు, బస్సు, ఆస్పత్రి, అన్నిటి దగ్గరా ఇక ఆమె ఎవరో చెప్పే ముద్ర లేదు. నోటీసు లేకుండా, కారణం చెప్పకుండా ఒకరి ముద్ర తీసేయకూడదని చట్టం. దాన్ని దాటి తీసేయగల తాళంచెవి రాష్ట్రంలో ఒక్కరి దగ్గరే ఉంది. గుర్తింపు కమిషనర్ సర్వేశ్వరరావు దగ్గర. ఈ కేసు మీద ఆమెను కొండకు పంపింది ఆయనే. వెళ్లేముందు భుజం తట్టి, సుజానా నేరం ఒప్పుకుంటే తొందరగా ముగించేయమన్నదీ ఆయనే.

"ఇప్పుడు మీరెవరో నా దగ్గర రుజువు లేదు మేడమ్," అన్నాడు ధనరాజు. ఆ మాటలో వెటకారం లేదు. ఆయన కూడా ఆ ఎర్రదీపాన్నే చూస్తున్నాడు.

"ఆయమ్మెవరో మాకు తెలుసు," అంది రమణి. "అడిగి సూసింది, లాక్కోనేదు. ఇంకేటి కావాలి నీకు?"

నీలవేణి కార్డు జాకెట్టు జేబులో పెట్టుకుంది. "నేనెవరో అక్కర్లేదు డీఎస్పీ గారూ. హత్య జరిగిందని చెప్పే మనిషి మీ ఎదురుగా ఉంది. దగ్గర్లో ఉన్న పోలీసు అధికారి మీరే. ఏ స్టేషను పరిధైనా ఫిర్యాదు రాసుకోక తప్పదు. రాయండి."

ధనరాజు ఇనప్పెట్టె వైపు చూశాడు. జనం వైపు చూశాడు. తర్వాత పెట్టె మీదే కాగితం పెట్టుకుని పెన్ను మూత తీశాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది. పేరు చూసి ఆయన మొహం మారింది. ఫోను నీలవేణి వైపు తిప్పాడు. సర్వేశ్వరరావు.

నీలవేణి ఫోను అందుకుని స్పీకరు నొక్కింది. "నీలవేణిని సార్. మీరు రద్దు చేసిన నీలవేణిని. ఇక్కడ ఫిర్యాదు రాస్తున్నాం."

అవతల ఆ గొంతు ఎప్పటిలాగే మెత్తగా వచ్చింది. "నీకు తెలివెక్కువమ్మా. అందుకే చెబుతున్నాను. పన్నెండున్నరకి ఆ ఊరి కార్డులన్నిటికీ ముద్ర పోతుంది. ముద్ర లేకపోతే రేపటి నుంచి బియ్యం రావు, ఆస్పత్రిలో మందు రాదు. ఫిర్యాదు కావాలో బియ్యం కావాలో వాళ్లనే అడుగు."

మెట్ల దగ్గర నూరు మంది ఆ మాట విన్నారు. నీలవేణి జనం మొహాల్లోకి చూడలేకపోయింది. ఈ ఎంపిక తనది కాదు, తను చెయ్యగలిగింది ఒక్క నిజం చెప్పడమే.

"ముద్ర మీది సార్, తీసుకోండి," అంది. "కార్డులో రాసుకున్నది వాళ్లది. అది చెరపడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు." తర్వాత రమణి వైపు తిరిగింది. "విన్నావు కదా పిన్నీ. ఇప్పుడు నువ్వు వద్దన్నా తప్పు పట్టే మనిషి లేడు."

పన్నెండూ ఇరవై ఆరు. ధనరాజు పెన్ను కాగితానికి అంగుళం పైన ఆగి ఉంది.

రమణి ఇనప్పెట్టె ఎదుట నేల మీద చతికిలబడి కూర్చుంది.

"కొండలో దుంపలున్నాయి. నాలుగు నెలలు తింటాం," అంది. "నా పేరు రాయి బాబూ. బేగి రాయి."